మొదటి ముద్ద నుంచి రెండు గంటలు

ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్న పెద్దవాళ్ళు రక్తపరీక్ష చేయించుకుని రాగానే "ఎంత ఉంది?" అని అడుగుతాం. దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: "ఎప్పుడు తీశారు?" 160 అనే అంకె పరగడుపున వస్తే ఎక్కువే. అదే అంకె భోజనం చేసిన రెండు గంటలకు వస్తే, ఈ వ్యాధి ఉన్న చాలామందికి అది అదుపులో ఉన్నట్లే లెక్క. అంకె మారలేదు; గడియారం మారింది, అర్థం మారిపోయింది! ఎందుకో చూద్దాం.

ఒక్క చెంచాడు చక్కెర

ఒక చిన్న లెక్క వేయండి. పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యవంతులకు పరగడుపున ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో 70 నుంచి 99 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంటుంది. లెక్కకు 100 అనుకుంటే, మొత్తం రక్తంలో ఉన్నది 5 గ్రాములే. అంటే ఒక టీ చెంచాడు! మరి మనం మధ్యాహ్నం తినే అన్నంలో పిండిపదార్థం 75 గ్రాములైనా ఉండవచ్చు. అది జీర్ణమై గ్లూకోజుగా మారుతుంది. ఒక చెంచాడు ఉన్నచోటికి పదిహేను చెంచాలు వచ్చి చేరుతున్నాయన్నమాట. అయినా రెండు గంటలు గడిచేసరికి ఆరోగ్యవంతుల రక్తంలో గ్లూకోజు 140 కంటే తక్కువే ఉంటుంది. మిగిలినదంతా ఏమైంది?

ఈ పని చేసేది ఇన్సులిన్. క్లోమంలోని బీటా కణాలు దీనిని ముందుగానే తయారుచేసి, కొంత నిల్వ ఉంచుకుంటాయి. గ్లూకోజు పెరగగానే కొద్ది నిమిషాల్లోనే ఆ నిల్వను రక్తంలోకి వదులుతాయి. వెంటనే కండరాలు గ్లూకోజును తీసుకుంటాయి. కాలేయం తనవద్ద ఉన్న గ్లూకోజును బయటికి పంపడం తగ్గించి, వచ్చినదానిని దాచుకుంటుంది.

రెండవ రకం మధుమేహంలో ఈ మొదటి విడత ఇన్సులిన్ తగ్గిపోతుంది. పైగా కణాలు ఇన్సులిన్ మాట సరిగా వినవు. చెరువులోకి వరద వస్తున్నా తూము ఆలస్యంగా, అదీ సగమే తెరిచినట్లు ఉంటుంది పరిస్థితి. అందుకే గ్లూకోజు ఎక్కువ ఎత్తుకు పోతుంది. దిగడానికి ఎక్కువ సేపు పడుతుంది.

రెండు గంటలే ఎందుకు?

ఆరోగ్యవంతులలో తిన్న గంటకు కాస్త అటూ ఇటూగా గ్లూకోజు శిఖరానికి చేరి, రెండు గంటలకు చాలావరకు దిగివస్తుంది. వ్యాధి ఉన్నవారిలో అప్పటికి ఇంకా పైనే ఉంటుంది. తేడా స్పష్టంగా కనిపించే సమయం అదే. అరగంటకే పరీక్షిస్తే గ్లూకోజు ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. నాలుగు గంటలకు పరీక్షిస్తే చాలావరకు దిగిపోయి, అసలు ఎత్తు మనకు తెలియకుండా పోతుంది. వ్యాధి ఉందో లేదో తేల్చడానికి 75 గ్రాముల గ్లూకోజును నీళ్ళలో కలిపి తాగించి చేసే పరీక్షలో కూడా చూసేది రెండు గంటల అంకెనే. అది 200 గాని, అంతకు మించి గాని ఉంటే మధుమేహం కింద లెక్క.

ఈ రెండు గంటలను చేయి కడుక్కున్నప్పటినుంచి కాదు, మొదటి ముద్ద నుంచి లెక్కపెట్టాలి. పిండిపదార్థం జీర్ణం కావడం నోటిలోనే, లాలాజలంతోనే మొదలవుతుందని మీ పాఠంలో చదివారు కదా! తాతగారు 8 గంటలకు ఇడ్లీ తినడం మొదలుపెట్టి 8.30కు ముగించారనుకోండి. పరీక్ష 10 గంటలకు జరగాలి, 10.30కు కాదు. నూనె, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న భోజనం నిదానంగా జీర్ణమవుతుంది కాబట్టి శిఖరం ఇంకా ఆలస్యంగా రావచ్చు. అందువల్ల వైద్యులు ఒక్కొక్కప్పుడు వేరే సమయం చెబుతారు.

దాగి ఉన్న ఎత్తులు

పూర్వం మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావణంతో వేడిచేసి చూసేవారు. నీలిరంగు ఆకుపచ్చగా, పసుపుగా, ఇటుక ఎరుపుగా మారడం మీరూ ప్రయోగశాలలో చూసి ఉంటారు. కాని రక్తంలో గ్లూకోజు సుమారు 180 దాటితేగాని మూత్రంలోకి రాదు. పైగా మూత్రం గంటల తరబడి నిలవ ఉన్నది. ఏ సమయానికి ఎంత పెరిగిందో అది చెప్పలేదు. వేలికొసనుంచి తీసిన రక్తపు చుక్క ఆ క్షణం సంగతి చెబుతుంది.

పరగడుపు అంకె బాగున్నా భోజనం తర్వాత బాగా పెరిగేవాళ్ళు ఉన్నారు. ఆ పెరుగుదల ఏళ్ళ తరబడి సాగితే కళ్ళలోని, మూత్రపిండాలలోని సన్నని రక్తనాళాలు, కాళ్ళలోని నరాలు దెబ్బతింటాయి. నొప్పి తెలియదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. భోజనం తర్వాత 180 లోపు ఉండాలన్నది చాలామందికి పెట్టే లక్ష్యం. వయసును బట్టి, ఇతర జబ్బులను బట్టి వైద్యులు దానిని మారుస్తారు.

మీరు చేయగల సాయం

ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయండి: మొదటి ముద్ద తిన్న సమయం, తిన్న పదార్థాలు, పరీక్ష సమయం, అంకె. పరీక్షకు ముందు చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకోమనండి. మామిడిపండు రసం వేలికి అంటి ఉంటే అంకె తప్పుగా పెరుగుతుంది. పరీక్ష రోజున తక్కువ తినడం, వైద్యుడు చెప్పకుండా మందు మానడం కూడదు. రోజూ తినేదే తింటేనే నిజం తెలుస్తుంది. అంకె చూసి సొంతంగా మందు మార్చకూడదు. 70 కంటే తగ్గి, చెమటలు, వణుకు వస్తే మాత్రం వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంటకు మళ్ళీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

వైద్యుని దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ నోటుపుస్తకం వెంట పంపండి. ఏ పూట భోజనాన్ని సరిచేయాలో, ఏ మందును మార్చాలో ఆయనకు దానివల్ల తెలుస్తుంది.