తాళంచెవి ఎవరి దగ్గరుంది?

బ్రౌజర్‌లోనే సొంత సర్టిఫికెట్ అథారిటీ నడపొచ్చు. కానీ అసలు పాఠం కోడ్‌లో లేదు!

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. హైదరాబాద్‌లో మా టెస్ట్ ల్యాబ్‌లో 40 కంప్యూటర్లు. ఆఫీసు లోపలి సైట్ ఏది తెరిచినా ‘కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అనే హెచ్చరిక. అందరం చూసీచూడనట్టు ‘అడ్వాన్స్‌డ్’, ఆ తర్వాత ‘ప్రొసీడ్’ నొక్కేవాళ్లం. ఇదే అలవాటైతే రేపు నిజంగా దొంగ సైట్ ఎదురైనా వేలు అక్కడికే పోతుంది కదా! శని, ఆదివారాలు కూర్చుని సొంత సర్టిఫికెట్ అథారిటీ (సీఏ) తయారుచేసి, దాని రూట్ సర్టిఫికెట్‌ని అన్ని మెషీన్లలో పెట్టేశా. హెచ్చరికలు మాయం. సోమవారం కాలరెగరేశా.

బుధవారం మా లీడ్ పిలిచి ఒక్కటే అడిగారు: “రూట్ ప్రైవేట్ కీ ఎక్కడ పెట్టావ్?”

కోడ్‌తోపాటు గిట్‌లో పెట్టేశా! ఆ ప్రాజెక్టు చూడగలిగే ఎవరైనా ఆ కీతో ఏ బ్యాంకు పేరు మీదైనా సర్టిఫికెట్ పుట్టించొచ్చు. మా 40 కంప్యూటర్లూ దాన్ని నిజమనే నమ్ముతాయి. ఫైల్ డిలీట్ చేసినా గిట్ హిస్టరీలో ఉంటుంది. రెండు రోజులు ప్రతి మెషీన్ దగ్గరికీ వెళ్లి పాత రూట్ తీసేయాల్సొచ్చింది.

పెద్దలకూ తప్పలేదు

సర్టిఫికెట్ అంటే ‘ఈ పబ్లిక్ కీ ఫలానా సైట్‌దే’ అని సీఏ చేసే సంతకం. ఆ సంతకం చేసే కీ పరాయి చేతిలో పడితే ఏమవుతుందో 2011లో లోకం చూసింది. నెదర్లాండ్స్ సీఏ డిజినోటార్‌లోకి చొరబడిన హ్యాకర్లు 500కు పైగా నకిలీ సర్టిఫికెట్లు పుట్టించారు. గూగుల్ పేరిట తయారైన ఒకదాన్ని ఇరాన్‌లోని జీమెయిల్ వినియోగదారులపై ప్రయోగించారు. బ్రౌజర్లన్నీ ఆ సీఏని పక్కనపెట్టాయి. ఆ సెప్టెంబరులోనే సంస్థ దివాలా తీసింది. మన దేశంలోనూ 2014 జులైలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సీఏ నుంచి గూగుల్ డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు వెలువడినట్టు బయటపడింది. వెంటనే దాని ఇంటర్మీడియట్ సర్టిఫికెట్లను రద్దు చేశారు.

సొంత సీఏ ఎందుకు?

పబ్లిక్ సైట్‌కైతే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా సర్టిఫికెట్ ఇస్తుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లో మాత్రమే పనిచేసే పేర్లకూ, 192.168తో మొదలయ్యే చిరునామాలకూ పబ్లిక్ సీఏలు ఇవ్వవు. అక్కడ ప్రైవేట్ సీఏనే దారి. ఓపెన్ఎస్ఎస్ఎల్ కమాండ్లు చూసి బెదిరిపోయేవాళ్లకు జావాస్క్రిప్ట్ లైబ్రరీలు చేయందిస్తున్నాయి. వాటిలో పీకేఐ.జేఎస్ ఒకటి. బ్రౌజర్లలో ఉండే వెబ్ క్రిప్టో ఏపీఐ కీలు పుట్టిస్తుంది, సంతకాలు చేస్తుంది. కానీ సర్టిఫికెట్ అంటే ఏమిటో దానికి తెలియదు. ఆ లోటును పీకేఐ.జేఎస్ పూరిస్తుంది.

మీరూ చేసి చూడండి

1. వెబ్ క్రిప్టో హెచ్‌టీటీపీఎస్ పేజీల్లో, లోకల్‌హోస్ట్‌లో మాత్రమే పనిచేస్తుంది. మామూలు హెచ్‌టీటీపీ పేజీలో ప్రయత్నించి ‘రావట్లేదు’ అనుకోకండి.

2. ఈసీడీఎస్ఏ పీ-256తో కీల జత పుట్టించండి. రూట్‌లో ‘జారీ చేసినవారు’, ‘ఎవరికి’ రెండుచోట్లా ఒకటే పేరు ఉంటుంది. అంటే తన మీద తనే సంతకం. ‘బేసిక్ కన్‌స్ట్రెయింట్స్’లో సీఏ ట్రూ అని పెట్టడం మరవొద్దు.

3. రూట్‌తో నేరుగా సర్వర్లకు సంతకం చేయకండి. దాని కింద ఒక ఇంటర్మీడియట్ సీఏ పెట్టి, పాత్ లెంగ్త్ సున్నా ఇవ్వండి. అప్పుడది తన కింద మరో సీఏని పుట్టించలేదు.

4. సర్వర్ పేరును ‘సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్’లో రాయండి. కామన్ నేమ్‌లో మాత్రమే రాస్తే 2017 నుంచి క్రోమ్ ఒప్పుకోవట్లేదు. చాలామంది గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.

5. రూట్ సర్టిఫికెట్‌ని మాత్రమే మెషీన్లలో ఇన్‌స్టాల్ చేయండి. ప్రైవేట్ కీ ఎక్కడికీ వెళ్లకూడదు. ఆండ్రాయిడ్ 7 నుంచి, మనం చేర్చిన రూట్‌ని యాప్‌లు మామూలుగా నమ్మవు. యాప్ సెటప్‌లో విడిగా అనుమతి ఇవ్వాలి.

బ్రౌజర్‌ను ఎంతవరకు నమ్మాలి?

కీ మన కంప్యూటర్లోనే పుడుతుంది, సర్వర్‌కి వెళ్లాల్సిన పనే లేదు. ఇదే ఈ పద్ధతిలోని అందం. కీ పుట్టించేటప్పుడు ‘ఎక్స్‌ట్రాక్టబుల్’ ఫాల్స్ అని పెడితే ఏ స్క్రిప్టూ దాన్ని బయటికి లాగలేదు. ఆ కీని అలాగే ఇండెక్స్‌డ్‌డీబీలో దాచుకోవచ్చు.

ఇక్కడే రెండు చిక్కులున్నాయి. ఒకటి, బయటికి తీయలేని కీకి బ్యాకప్ ఉండదు. ఎవరో బ్రౌజర్ డేటా క్లియర్ చేశారంటే మీ సీఏ గోవిందా! రెండు, పేజీలోకి హానికరమైన స్క్రిప్ట్ చొరబడితే కీని దొంగిలించలేకపోయినా దాంతో సంతకాలు చేయించుకోగలదు. తాళంచెవి దొంగ చేతికి చిక్కకపోయినా, మన చేత్తోనే తలుపు తీయించినట్టు.

అందుకే నేను ఇప్పుడు పాటించే పద్ధతి ఇది. రూట్ కీని నెట్ లేని ల్యాప్‌టాప్‌లో పుట్టించి, గట్టి పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టి బీరువాలో తాళం వేస్తా. రోజువారీ పని ఇంటర్మీడియట్‌ది. అది పోయినా, రూట్‌తో దాన్ని రద్దు చేసి కొత్తది ఇవ్వొచ్చు. 40 మెషీన్ల చుట్టూ తిరగక్కర్లేదు.

రెజ్యూమెలో ఇలా...

పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100 రోజులు, 2029 మార్చి నుంచి 47 రోజులు. ఇక చేత్తో మార్చుకుంటూ కూర్చోవడం కుదరదు. సర్టిఫికెట్ల పనిని ఆటోమేట్ చేయగలిగినవాళ్ల అవసరం డెవాప్స్, క్లౌడ్ సెక్యూరిటీ టీముల్లో పెరుగుతుంది. ఫైనలియర్ విద్యార్థులకు ఇది చక్కటి మినీ ప్రాజెక్టు.

ఇంటర్వ్యూలో ‘ప్రైవేట్ సీఏ చేశాను’ అని చెప్తే చాలదు. ‘కీ ఎక్కడుంది? పోతే ఏం చేస్తావ్?’ అన్న ప్రశ్నకూ జవాబు సిద్ధం చేసుకోండి. నేనైతే ఆ జవాబు రెండు రోజులు మెషీన్ల చుట్టూ తిరిగి నేర్చుకున్నా. మీకు ఆ తిప్పలు అక్కర్లేదు.