క్రొత్తవాని సందేహము

డేటా సైన్సు నేర్చుచున్న యువకులు కొందఱు, "ఓపెన్ సోర్సు పనిలో మావంటి క్రొత్తవారికి చోటున్నదా?" యని మమ్మడుగుచుందురు. ఉన్నదనియే మా సమాధానము.

ప్రోగ్రాము మూలమును ఎల్లరును చదువుటకు, దిద్దుటకు, పంచుకొనుటకు అనుమతించు పద్ధతియే ఓపెన్ సోర్సు. 2008లో అమెరికాలో వెస్ మెకిన్నీ ఆరంభించిన పాండాస్ అట్టిదే. 2009లో అది అందఱి సొత్తైనది.

2, 4, 6 అను అంకెలకు ప్రామాణిక విచలనమును కట్టి చూడుడు. పాండాస్ 2 అని చెప్పును. నంపై సుమారు 1.63 అని చెప్పును. ఏది తప్పు? రెండును కావు. విచలనముల వర్గముల మొత్తమును నంపై అంకెల సంఖ్యయగు మూడుచేత భాగించును. పాండాస్ అంతకొకటి తక్కువగా రెండుచేత భాగించును. ఇది వాని వివరణ పత్రములలో ఉన్నదే. అయినను ఇట్టి సందేహము నిపుణునకు తోచదు, క్రొత్తవానికే తోచును. అదియే అతని మూలధనము.

కావున మొదట వివరణలు చదువుడు. ఉదాహరణలు నడిపి చూడుడు. వివరణ చాలని చోట, ఆ మాట ఇతరులు ముందే తెలిపిరేమో వెదకుడు. పిమ్మట గిట్ అను సాధనముతో మీ ప్రతిని తీసికొని, ఒక్క వాక్యమునే చేర్చి పంపుడు. కృత్రిమ మేధ వ్రాసినదానిని మీరు గ్రహింపకయే పంపకుడు. పరిశీలకులలో పలువురు జీతము లేక తీరికవేళలలో పనిచేయువారు.

తిప్పి పంపినచో చిన్నబోక దిద్దుడు. ఆ ఒక్క వాక్యము మీ వెనుక వచ్చు విద్యార్థికి ఒక రాత్రి నిద్రను మిగుల్పవచ్చును.