జీఈడీ పాసవడం కష్టమా? మనవాళ్లకి చిక్కొచ్చేది లెక్కల్లో కాదు

అన్నయ్యో తమ్ముడో స్పాన్సర్ చేస్తే నలభై దాటాక గ్రీన్ కార్డు మీద అమెరికా వచ్చినవాళ్లు, టెన్త్‌తో చదువు ఆగిపోయి పెళ్లయి వచ్చినవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. ఫార్మసీ టెక్నీషియన్ అయినా, డేకేర్‌లో పనైనా అప్లికేషన్‌లో "హైస్కూల్ డిప్లొమా ఉందా?" అనే గడి దగ్గర ఆగిపోతారు. అక్కడ అక్కరకొచ్చేది జీఈడీ. యుద్ధానికి వెళ్లి చదువు మధ్యలో ఆగిపోయిన సైనికుల కోసం 1942లో మొదలైన పరీక్ష ఇది.

ఇంటర్ పాసై మెమో చేతిలో ఉంటే మాత్రం ముందు క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్ చేయించుకోండి. మామూలుగా ఇంటర్‌ని హైస్కూల్ డిప్లొమాకి సమానంగానే చూస్తారు. అనవసరంగా పరీక్ష రాయక్కర్లేదు.

పేపర్లు నాలుగు: లాంగ్వేజ్ 150 నిమిషాలు, మ్యాథ్స్ 115, సైన్స్ 90, సోషల్ 70. స్కోరు 100 నుంచి 200 మధ్య ఉంటుంది. ప్రతి పేపర్లోనూ 145 రావాలి. ఒకదాంట్లో ఎక్కువొస్తే ఇంకోదాంట్లో సర్దుకోవడం కుదరదు. మొదట 150 ఉండేది, 2016లో 145కి తగ్గించారు. అయినా హైస్కూల్ మామూలుగా పూర్తిచేసే పిల్లలందరూ అందుకోగలిగే గీత కాదది. నాలుగూ ఒకేరోజు రాయక్కర్లేదు, పాసైన పేపరు పాసైనట్టే. మన సప్లిమెంటరీ లాగే, తప్పినదొక్కటే మళ్లీ రాసుకోవచ్చు.

మ్యాథ్స్ అంటే అందరూ భయపడతారు కానీ మన టెన్త్ లెక్కలు బాగా వచ్చినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ఫార్ములాల షీటు వాళ్లే ఇస్తారు, మొదటి అయిదు ప్రశ్నలు తప్ప మిగతావాటికి కాలిక్యులేటర్ ఉంటుంది. పడేసేది ప్రశ్నలోని ఇంగ్లీషు. గది 12 అడుగులు, 15 అడుగులు, కార్పెట్ ధర చదరపు గజానికి ఇంత అని ఇస్తారనుకోండి. 180 చదరపు అడుగులంటే 20 చదరపు గజాలు. గజం అన్న మాట గమనించకుండా 180తో హెచ్చవేస్తే వచ్చే జవాబు కూడా ఆప్షన్లలో తయారుగా ఉంటుంది.

సైన్స్‌లో నిర్వచనాలు అడగరు. గ్రాఫో, ప్రయోగమో ఇచ్చి దాన్నుంచి ఏం తేలిందో అడుగుతారు. నేను ప్రాక్టీస్ పేపరు చేసి చూశాను, నా బీఎస్సీలో కంఠస్థం చేసిన దాంతో దాదాపు పనే పడలేదు. సోషల్‌లో సగం సివిక్స్, ప్రభుత్వం. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి చదివింది పునాదిగా పనికొస్తుంది కానీ, ఇక్కడా పేరా చదివి ఆలోచించాల్సిందే.

అసలు గోడ లాంగ్వేజ్ పేపరే. అందులో 45 నిమిషాల వ్యాసం ఉంటుంది. ఒకే విషయం మీద రెండు విరుద్ధమైన వాదనలిచ్చి, ఎవరి ఆధారాలు బలంగా ఉన్నాయో రాయమంటారు. మనవాళ్లు అక్కడ సొంత అభిప్రాయం రాసేస్తారు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకక్క, టెన్త్ తెలుగు మీడియం, మ్యాథ్స్ మొదటిసారే 152 తెచ్చుకుంది. లాంగ్వేజ్‌లో 138, తర్వాత 142. కూర్చుని చూస్తే ఇంకో సంగతి బయటపడింది: వ్యాసం కంప్యూటర్లోనే టైప్ చెయ్యాలి, ఆవిడ ఒక్క వేలితో అక్షరం వెతుక్కుంటోంది. ఆలోచన ఉంది, టైమ్ చాలట్లేదు. రెండు నెలలు రోజూ అరగంట టైపింగ్, ఒక వార్త చదివి అందులో వాదన ఏది, ఆధారం ఏది అని గీతలు గీయడం. మూడోసారి 147. మూడోసారీ తప్పితే చాలా రాష్ట్రాల్లో 60 రోజులు ఆగాలి కాబట్టి తొందరపడకుండా వెళ్లడమే మంచిదైంది.

పరీక్ష ఇంగ్లీషులో, స్పానిష్‌లో ఉంది, తెలుగులో లేదు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో హైసెట్ అని ఇంకో పరీక్ష కూడా ఉంది. అయిదు పేపర్లు, ఒక్కోదాంట్లో 20కి 8 రావాలి, మొత్తం మీద 100కి 45.

ఇక పదహారు, పదిహేడేళ్ల పిల్లలతో వచ్చినవాళ్లు "స్కూలెందుకు, జీఈడీ రాయించేస్తే రెండేళ్లు కలిసొస్తాయిగా" అంటుంటారు. నాకైతే ఇది నచ్చదు. పబ్లిక్ స్కూల్లో చదువు ఉచితం, ఇంగ్లీషు రాని పిల్లలకి వేరే క్లాసులుంటాయి, కౌన్సిలర్ ఉంటారు, స్నేహితులు దొరుకుతారు. పరీక్ష పాసైతే ఇవేవీ రావు. పైగా 18 నిండనివాళ్లకి చాలాచోట్ల అదనపు షరతులున్నాయి.

పెద్దవాళ్లు మాత్రం దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలోనో లైబ్రరీలోనో అడల్ట్ ఎడ్యుకేషన్ క్లాసులు అడగండి, చాలావరకు ఉచితం. డబ్బు కట్టేముందు జీఈడీ రెడీ అనే అధికారిక ప్రాక్టీస్ టెస్టు రాయండి. ఇంట్లో కూర్చుని అసలు పరీక్ష రాయాలంటే అందులో గ్రీన్ రావాలి కూడా. రిజిస్టర్ చేసేటప్పుడు పేరు ఐడీ కార్డులో ఉన్నట్టే ఇవ్వండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న మన పాత తకరారు పరీక్ష రోజు గుమ్మం దగ్గర తేలేది కాదు.