లాగటమంటే ఒక్కటేనా?

పిల్లల ఇంగ్లీషు పాఠం ముందు కూచున్న తల్లికి ఎప్పుడో ఒకప్పుడు యీ చిక్కు ఎదురవుతుంది. పుల్, డ్రాగ్, టగ్, హాల్, జెర్క్, యాంక్ - ఏ మాటకు అర్థం వెతికినా చిన్న నిఘంటువులో ‘లాగు’ అనే వుంటుంది. “అన్నిటికీ అర్థం ఒకటే అయితే ఇన్ని మాటలెందుకమ్మా?” అని వాడు అడుగుతాడు. “అన్నీ ఒకటేలే, రాసుకో” అని మనం పొయ్యి దగ్గరికి లేచిపోతాం.

అన్నీ ఒకటి కావండీ. ఆ తేడాలు చెప్పటానికి మన చదువు చాలదేమోనని వెనుకాడనూ అక్కరలేదు. మనం తలుపు లాగుతాం, బియ్యం బస్తా ఈడుస్తాం, నూతిలో నీళ్ళు తోడతాం, గోడకున్న మేకు పీకుతాం. నీళ్ళు ఈడ్చాననీ, బస్తా తోడాననీ ఎవరమైనా అంటామా? ఇంగ్లీషువాళ్ళూ అంతే. ముందు తెలుగులో సరయిన మాట పట్టుకుంటే ఇంగ్లీషు మాట దానంతట అదే దొరుకుతుంది.

పుల్ అంటే మామూలుగా లాగటం. డ్రాగ్ అంటే ఈడ్వటం. బరువయినది, నేలకు రాసుకుంటూ వచ్చేది, రానని మొరాయించేది - వీటికి డ్రాగ్ వాడాలి. డ్రా అంటే నెమ్మదిగా, ఒకే తీరుగా లాగటం. నీళ్ళు తోడటం, కిటికీ తెర లాగటం, బ్యాంకులో డబ్బు తీయటం అన్నీ డ్రా యే. బల్ల సొరుగుకు డ్రాయరు అని పేరు వచ్చింది కూడా లాగితే వస్తుంది గనుకే.

హాల్ అన్నప్పుడు మనింటి హాలు గుర్తుకు రానివ్వకండి, దీని స్పెల్లింగే వేరు. సముద్రం ఒడ్డున జాలరులు వరసగా నిలబడి, ఒళ్ళు వెనక్కి వంచి అలివి వలను ఒడ్డుకు లాగుతారే, అదీ హాల్. వలలో పడ్డ చేపల మొత్తానికీ ఆ మాటే. టగ్ అంటే పట్టుకుని గట్టిగా గుంజటం. చంటివాడు కొంగు పట్టుకుని గుంజేది టగ్. విశాఖపట్నం రేవులో పెద్ద ఓడలను లాక్కొచ్చే చిన్న ఓడనూ టగ్ అనే అంటారు.

ఇక హఠాత్తుగా లాగటాలున్నాయి. జెర్క్ అంటే ఒక్క కుదుపుతో లాగటం. యాంక్ దానికంటే మొరటు, మాటల్లోనే గాని అర్జీలలో రాసే పదం కాదు. ఇస్త్రీపెట్టె ప్లగ్గును వైరు పట్టుకుని పీకటం యాంక్. (అలా పీకితే లోపల తీగ తెగుతుంది. ప్లగ్గు పట్టుకునే తీయండి.)

స్నాచ్ అంటే చటుక్కున లాక్కోవటం. బరువులెత్తే ఆటలో యీ రెండు మాటలూ వున్నాయి. నేలమీది బరువును ఒకే ఊపున తలమీదికి ఎత్తితే స్నాచ్. ముందు భుజాలదాకా తెచ్చి, ఆ తర్వాత పైకి ఎత్తితే క్లీన్ అండ్ జెర్క్. మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే.

ఆ స్నాచే మన మెడ మీదికీ వస్తుంది. గొలుసు తెంచుకుపోయే దొంగతనానికి దేశమంతటికీ వర్తించిన పాత శిక్షాస్మృతిలో యీ పేరుతో విడిగా సెక్షను లేదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 304వ సెక్షను ప్రత్యేకంగా దీనికే. హఠాత్తుగా గాని, చప్పున గాని, బలవంతాన గాని లాక్కోవటం అని అందులో వుంది. మూడేళ్ళవరకూ జైలు. అందుకని స్టేషనులో “గొలుసు పోయింది” అని రాయించకండి. మీరే ఎక్కడో పారేసుకున్నారని కూడా దానికి అర్థం వస్తుంది. “మెడలోంచి లాక్కుపోయాడు” అని రాయించండి. తెలుగులోనే రాయించవచ్చు. మెడకు గాయమయితే అదీ రాయించండి, అప్పుడది దోపిడీ కిందికి కూడా రావచ్చు.

అన్నిచోట్లా ఇంగ్లీషుదే పైచేయి అనుకోకండి. పువ్వులు కోయటం, కోడి ఈకలు పీకటం, వీణ తీగ మీటటం - మూడింటికీ వాళ్ళకు ప్లక్ అనే ఒక్క మాటే! వీణ మీటే వేలికీ ఈకలు పీకే చేతికీ ఒకే క్రియ ఏమిటో, నాకు మాత్రం మన పద్ధతే బాగుందనిపిస్తుంది.

ఒంటి కదలికలకూ ఇలాంటి తేడాలే వున్నాయి. కన్ను అదిరితే ట్విచ్, చెయ్యో కాలో ఎగిరిపడితే జెర్క్. డాక్టరు దగ్గర “ఏదో లాగేస్తోందండీ” అని వూరుకోక, అదిరిందో, ఎగిరిపడిందో, కొంకర్లు పోయిందో విడదీసి చెప్పండి. ఆయనకు అదే కావాలి. బస్సు గతుకులో పడితే జోల్ట్, ఒక పక్కకు తూలితే లర్చ్. ఇక ‘షి గేవ్ ఎ స్టార్ట్’ అని కథలో వస్తే పిల్లలు ఆవిడ ఏదో మొదలుపెట్టిందని రాస్తారు. ఆవిడేమీ మొదలుపెట్టలేదు, పాపం ఉలిక్కిపడింది.