వార్తల్లో పదం: ఎఫ్‌టీఎల్

చెరువు నిండి అలుగు పారబోయే దశలో నీళ్లు ఎంతమేర పరచుకుంటాయో ఆ హద్దే ఎఫ్‌టీఎల్, అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్. దాని చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా బఫర్ జోన్. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఇది 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు.

చిక్కంతా ఎండాకాలంలోనే. మే నెలలో చెరువు శిఖం, అంటే నీళ్లు నిలిచే నేల, బీడుభూమిలా కనిపిస్తుంది; సున్నపు గీతలు గీసి, హద్దురాళ్లు పాతితే అచ్చం వెంచరే. శిఖంలోనూ పట్టా భూములుంటాయి గనుక కాగితాలు కూడా సరిగ్గానే ఉండొచ్చు. పట్టా ఉన్నంత మాత్రాన ఇల్లు కట్టే హక్కు రాదన్న సంగతి కొన్నవారికి ఆలస్యంగా తెలుస్తుంది.

హైదరాబాద్‌లో చెరువు భూములపై ఒత్తిడి చాలావరకు బయటినుంచి వచ్చిందే. ఐటీ కంపెనీలు, బహుళజాతి సంస్థల కార్యాలయాలు పడమటి వైపు చేరాయి. ప్రవాసుల డాలర్లు తోడై నేల ధర పెరిగింది. మరోవైపు వాన తీరూ మారుతోంది: వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోసి, కొద్ది గంటల్లోనే కుంభవృష్టిగా దించేస్తుంది. 2020 అక్టోబరులో చెరువుల దిగువ కాలనీలు మునిగాయి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడి, ఆగస్టులో కూల్చివేతలు జోరందుకోవడంతో ఎఫ్‌టీఎల్ అనే ఇంజినీర్ల మాట అందరి నోళ్లలో నానింది.

ప్లాటు కొనేముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఒక్కటే చాలదు. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చెరువు పటంలో సర్వే నంబరు చూసుకోవాలి. ఆ పటం తుది నోటిఫికేషన్‌దేనా అన్నది ముఖ్యం; ప్రాథమిక నోటిఫికేషన్‌లోని హద్దు గీత అభ్యంతరాల తర్వాత పక్కకు జరగొచ్చు.