మీకు తెలుసా? కదలని నట్టులో గుట్టు గాటే!

కొన్ని ట్రాక్టర్లు, బైకుల షాఫ్టు మీది నట్టు ఎంత తిప్పినా కదలదు. తుప్పు పట్టిందనుకుని పానాకు పైపు తొడిగి బలమంతా చూపిస్తాం. ఆదిలాబాద్ నల్లరేగడిలో తిరిగిన బండైతే ఆ అనుమానం ఇంకా ఎక్కువ. చాలాసార్లు అసలు దోషి గాటు. నట్టు అంచున పల్చటి పట్టీ ఉంటుంది. అదురుకు వదులు కాకుండా దాన్ని పంచ్‌తో కొట్టి షాఫ్టు గాడిలోకి నొక్కేస్తారు. ముందు సన్నని ఉలితో ఆ నొక్కు పైకి లేపాలి. లేపకుండా తిప్పితే షాఫ్టు మరలు పోతాయి. నట్టు చవకే, షాఫ్టు కాదు! కొన్నిటికి సైకిల్ ఎడమ పెడల్‌లా ఎడమ మరలుంటాయి, అదీ చూసుకోవాలి. బిగించేటప్పుడు కొత్త నట్టే వాడాలి. వంగిన అంచును మళ్లీ కొడితే పగలొచ్చు.

అమెరికాలో ఏఆర్-15 రైఫిల్ వెనక గొట్టాన్ని బిగించే నట్టుదీ ఇదే కథ. కాకపోతే అక్కడ గాటు పడేది పక్కనున్న పలకకు. కొత్త బట్ కోసం దాన్ని ఇంట్లోనే విప్పేవాళ్లున్నారు. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకీ రిపేరుకూ లైసెన్సు ఉండాల్సిందే.