మసాలా సేమ్యా, మన ఆడబిడ్డల ఆరోగ్యం

సేమ్యా అనగానే మన ఇళ్లలో గుర్తుకు వచ్చేది పండుగనాటి షీర్ ఖుర్మా. పాలు, పంచదార, ఖర్జూరం, నేతి సువాసన! నల్లమల అంచున ఉన్న ఆత్మకూరులోనైనా, మరే ఊరిలోనైనా ఈద్ నాటి ఉదయం ఆ గిన్నె పొయ్యి మీద లేని ముస్లిం ఇల్లు అరుదు. ఈ నెల మేము పరిచయం చేస్తున్నది మాత్రం బియ్యపు సేమ్యాతో చేసే కారపు వంటకం. దీని వెనుక ప్రతి తల్లీ తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది.

నెలసరి క్రమం తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు, మెడ వెనుక నలుపు, పెరిగే బరువు. ఇవి కలిసి కనిపిస్తే వైద్యులు మొదట అనుమానించేది పీసీఓఎస్‌ను. షికాగో వైద్యులు స్టెయిన్, లెవెంథాల్ దీనిని 1935లోనే వివరించారు. సంతాన వయసులో ఉన్న ప్రతి పదిమంది స్త్రీలలో సుమారు ఒకరికి ఇది ఉంటుంది. వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఈ సమస్య ఉన్న పలువురిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. శరీరం మరింత ఇన్సులిన్‌ను ఉత్పత్తి చేస్తుంది. అది అండాశయాలను ప్రేరేపించి పురుష హార్మోన్లను పెంచుతుంది. ఫలితంగా అండం విడుదల కాదు, నెలసరి ఆగిపోతుంది. భోజనానికీ హార్మోన్లకూ ఉన్న సంబంధం ఇదే.

అయితే బియ్యపు సేమ్యా మంచిదేనా? 100 గ్రాముల ఎండు సేమ్యాలో సుమారు 80 గ్రాములు పిండిపదార్థమే. కనుక మేలు సేమ్యాలో లేదు, పాళ్లలో ఉంది. కూరగాయలలోని పీచు, గుడ్లలోని మాంసకృత్తులు కలిస్తే రక్తంలోకి చక్కెర నెమ్మదిగా చేరుతుంది.

నలుగురికి 150 గ్రాముల సేమ్యా, అరకిలో కూరగాయలు (బీన్స్, క్యారెట్, క్యాబేజీ, క్యాప్సికం), 4 గుడ్లు, గుప్పెడు వేయించిన వేరుశనగ విత్తనాలు తీసుకోండి. మరిగిన నీటిని పొయ్యి మీది నుంచి దించి, సేమ్యాను అందులో 3, 4 నిమిషాలు నాననిచ్చి వడకట్టండి. చన్నీళ్లు పోసి పళ్లెంలో ఆరబెడితే ముద్ద కట్టదు. మిరియాలు, జీలకర్ర, ధనియాలు, రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క దోరగా వేయించి పొడి చేయండి. వెడల్పాటి మూకుడులో రెండు చెంచాల నూనె వేసి అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు, తరువాత కూరగాయలు పెద్ద మంట మీద వేయించండి. అవి కరకరలాడుతూ ఉండగానే పక్కకు జరిపి, గుడ్లు కొట్టి పోసి కలియబెట్టండి. పసుపు, ఉప్పు, మసాలా పొడి, చివరగా సేమ్యా వేసి తేలికగా కలిపి దించండి. పైన నిమ్మరసం, వేరుశనగలు. దాల్చినచెక్కను రుచి కోసమే వేయండి, మందుగా భావించకండి.

మన సీమకు కొర్రలు కొత్త కాదు. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం ‘సూర్యనంది’ అనే కొర్ర రకాన్నే అందించింది. కొర్ర సేమ్యా దొరికితే ఇదే పద్ధతిలో వండవచ్చు, పీచు మరికొంత లభిస్తుంది. దానికి తోడు రోజూ అరగంట నడక అవసరం.

ఇక అసలు మాట. నెలసరి రోజుల్లో స్త్రీలకు నమాజు, ఉపవాసాల నుంచి మినహాయింపు ఉంది. తప్పిన ఉపవాసాలను తరువాత పూర్తి చేయాలి. అందుకే మన ఇళ్లలో ఆ రోజుల లెక్క ఉంటుంది. అమ్మాయి రమజాన్ నెల అంతా ఒక్క ఉపవాసమూ తప్పలేదని సంతోషిస్తాం. అది యాదృచ్ఛికం కావచ్చు. కానీ ముందు నెలలోనూ, తరువాతి నెలలోనూ అంతేనా అని అడగవలసింది తల్లే. రజస్వల అయిన 3 ఏళ్ల తరువాత కూడా ఏడాదికి 8 కంటే తక్కువసార్లు నెలసరి వస్తే స్త్రీవైద్య నిపుణురాలిని సంప్రదించాలి. థైరాయిడ్ దోషం కూడా ఇలాంటి లక్షణాలనే చూపవచ్చు, పరీక్షలతోనే తేలుతుంది.

“పెళ్లయితే అదే సర్దుకుంటుంది”, “సంబంధాలు చూసేవారికి తెలిస్తే ఎలా?” అనే మాటలతో ఏళ్లు గడుస్తాయి. ఆ లోపల మధుమేహం ముప్పు పెరుగుతుంది. నెలసరి లేక గర్భాశయపు లోపలి పొర దళసరి అయితే క్యాన్సర్ ప్రమాదమూ ఉంది. వ్యాధికి చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు. దాచిపెట్టడం ఆ బోధనకు అనుగుణం కాదు.

ఏ వంటకమూ వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. కానీ తల్లీకూతుళ్లు కలిసి కూరగాయలు తరిగే ఆ అరగంటలో, చాలాకాలంగా అడగని ఆ ఒక్క ప్రశ్న అడగవచ్చు.